మత్తు పడని ఇల్లు

ఆవిడ పోయిందని చీపురుపల్లి నుంచి ఫోనొచ్చినప్పుడు నాకు ముందుగా కలిగింది దుఃఖం కాదు, భయం. ఫోన్ చేసింది అక్కడి మందుల షాపతను. "మీ ముసలమ్మ పోనాది బాబూ. పగటేల అన్నం తిని నడుం వాల్చింది, మరి లెగనేదు. నిద్దట్లోనే ఎలిపోనాది, అదృష్టవంతురాలు" అన్నాడు. నిద్రలో పోవడం అదృష్టమని లోకమంతా అనుకుంటుంది. ఆవిడ ఇంటివాళ్ళ విషయంలో ఆ మాట వింటే మాత్రం నాకు అరచేతులు చెమరుస్తాయి. "మీ ముసలమ్మ" అన్నందుకు అతన్ని తప్పు పట్టను. ఆవిడ నాకేమీ కాదు. కానీ పదహారేళ్ళుగా ఆవిడ పిలిచిన చోటికల్లా నేను వెళ్ళాను.

నేను మత్తు డాక్టర్ని. ఇల్లు విజయనగరంలో, పని ఎక్కడ పిలిస్తే అక్కడ. పొద్దున్న చీపురుపల్లి, మధ్యాహ్నం రాజాం, మర్నాడు నరసన్నపేట. సర్జన్ పేరు జనం మూడు తరాలు చెప్పుకుంటారు. మా మొహం ఎవరికీ గుర్తుండదు. మేం కనబడిన రెండో నిమిషానికి వాళ్ళకి స్పృహ ఉండదు మరి. కుర్రతనంలో దీని మీద నాకు కోపంగా ఉండేది. తరవాత్తరవాత అదే నాకు దాక్కోడానికి పనికొచ్చింది.

ఆవిడ మనిషి పొడుగు. గోగు చేలల్లో, నువ్వు చేలల్లో ఏళ్ళతరబడి వంగి పనిచేసినా నడుం నిటారుగానే ఉండేది. చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. మా వైపు పల్లెల్లో పాతకాలపు ఆడవాళ్ళు కాల్చే అడ్డపొగ. చుట్ట కదలకుండా, నిప్పు ఆరకుండా అరగంట సేపు మనల్ని తిట్టగలదు. ఆస్పత్రిలో పొగేమిటని నర్సులు కేకలేస్తే చుట్ట తీసి, నలిపి, చెంగున ముడేసుకునేది. వాళ్ళు అటు తిరగ్గానే ముడి విప్పేది.

థియేటరు బయట కుర్చీలుంటాయి. ఆవిడ కుర్చీలో కూర్చోగా నేనెన్నడూ చూడలేదు. తలుపుకు ఎదురుగా నేల మీద కాళ్ళు బారజాపుకుని కూర్చునేది. పేషెంటుని తీసుకొచ్చే బండి ఆ కాళ్ళ దగ్గర ఆగి తీరాల్సిందే. బండి ఆగగానే పడుకున్న మనిషి పిక్క పట్టుకుని నొక్కి చూసేది. "గట్టిగున్నాదే. ఏ ఊరు నీది? అత్తోరూరు కాదే, పుట్టినూరు సెప్పు. మీ నాయిన ఎవులు?" అని అడిగేది. ఆడవాళ్ళనైతే రెండేసిసార్లు అడిగేది. పెళ్ళవగానే ఆడదాని ఇంటిపేరు మారిపోతుంది, ఒంట్లో ఉన్నది మారదు, అదీ ఆవిడ లెక్క. తమవాళ్ళు కాదని తేలితే కాళ్ళు ముడుచుకుని బండికి దారిచ్చేది. తమవాళ్ళయితే లేచి నిలబడేది. ఆవిడ లేచి నిలబడితే ఆ థియేటరులో ఆ పూట మామూలు పద్ధతిలో మత్తివ్వడం కుదరదు. "మా పుట్టుకలో మత్తు పడదు. నిద్దరోపెట్టకండి, తిమ్మిరెక్కించండి" అనేది. ఎన్ని ఊళ్ళ ఆస్పత్రుల్లో ఎంతమంది నా తోటి డాక్టర్లు ఈ మాటకి నవ్వారో నాకు తెలుసు. అందరికంటే ముందు నవ్వినవాణ్ణి నేనే.

ఆ ఇంటివాళ్ళు మెట్టపంటల రైతులు. చీపురుపల్లికి ఆరేడు మైళ్ళ దూరంలో పల్లె. మగవాళ్ళంతా సంగిడి రాళ్ళు ఎత్తి ఊళ్ళో పేరు తెచ్చుకున్నవాళ్ళు, జబ్బలు, పిక్కలు చూసి తీరాలి. ఆ కండల్లోనే ఏదో ఉందని ఆ పల్లెలో ఎవరికీ తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే. ఆ ఇంట్లో ఆపరేషన్ బల్ల మీద పోయినవాళ్ళున్నారు. పేగు జారిందని పడుకున్న ఆవిడ నడిపి తమ్ముడొకడు, అంతకు ముందెప్పుడో చిన్నాన్న కూతురొకతె. ఇద్దరి ఒళ్ళూ కాలిపోతూ, కర్రల్లా బిగుసుకుని బయటికొచ్చాయి. అంత వేడి మనుషుల వల్ల అయ్యేది కాదని, అమ్మవారు తీసుకుపోయిందని ఇంటివాళ్ళు నమ్మారు. అమ్మవారు వేడితో తీసుకుపోయిన మనిషి ఊసు శుభం పూట ఎత్తకూడదు, అది వాళ్ళ కట్టడి. ఎత్తితే ఆ తల్లి మళ్ళీ వెనక్కి తిరిగి చూస్తుందట.

ఇందులో నవ్వడానికేం లేదు. ప్రతి ఇంటికీ ఇలాంటివి నాలుగుంటాయి, మా ఇంట్లోనూ ఉన్నాయి. చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, ఆపరేషన్‌కి కూడా వాళ్ళు మంచిరోజు చూసుకుని, ఇంట్లో కొబ్బరికాయ కొట్టి బయల్దేరతారు. అంటే అదీ శుభకార్యమే. సరిగ్గా అదే పూట, థియేటరు గుమ్మంలో మత్తు డాక్టరు వచ్చి అడుగుతాడు, "మీ ఇంట్లో ఇంతకు ముందు ఎవరికైనా మత్తు పడక ఇబ్బందయిందా?" అని. వాళ్ళ నోట ఏం జవాబొస్తుంది? "నేదు బాబూ, అంతా సుబ్బరంగున్నారు" అంటారు. అది అబద్ధమని వాళ్ళు అనుకోరు. బిడ్డని కాపాడుకుంటున్నామనే అనుకుంటారు.

నాకూ అలాగే చెప్పారు. అప్పటికి నేను విజయనగరంలో పని మొదలుపెట్టి రెండేళ్ళు. ఆవిడ చిన్నతమ్ముడి కొడుకు, ఇరవై రెండేళ్ళవాడు, బండి మీంచి పడి మోచెయ్యి విరగ్గొట్టుకుని వచ్చాడు. వాణ్ణి చూసి మా నర్సు "ఈ జబ్బకి సూది దిగుతుందా సార్" అని నవ్వింది. వాడూ నవ్వాడు. పక్కనే ఉన్న తండ్రిని నేను అడగాల్సింది అడిగాను. "నేదు బాబూ" అన్నాడు. కాగితం మీద అదే రాసుకున్నాను.

అప్పుడు గోడవార నుంచి ఈవిడ లేచింది. "ఎందుకురా నేదంతావు? నడిపోడు బల్ల మీదే కదరా పోనాడు! ఆడి సెయ్యి నాను పట్టుకు సూసినాను, కర్రనాగున్నాది" అంది.

"అప్పా, నోరు ముయ్యి! మంచీ సెడ్డా నేదేటి నీకు? శుభమా అని పిల్లణ్ణి లోనికి పంపుతుంటే ఆ ఊసేటి?" అని తమ్ముడు ఆవిడ జబ్బ పట్టుకుని మెట్ల వైపు లాగేశాడు.

ఆవిడ మెట్ల మీంచే నన్ను చూసి అరిచింది. "బాబూ, ఇరిగింది సెయ్యే గదా! సెయ్యొక్కటీ మొద్దుబార్సి సేసీరాదా?"

చెయ్యొచ్చు. ఇది రాయడానికి నాకు పదహారేళ్ళు పట్టింది. చంక దగ్గర సూది వేసి, చెయ్యి ఒక్కటే మొద్దుబార్చి, పిల్లవాడు మెలకువగా ఉండగానే ఆ ఎముక బిగించవచ్చు. దానికి అరగంట ఎక్కువ పడుతుంది. లోపల సర్జన్ చేతులు కడుక్కుని నిలబడ్డాడు, ఆ పూట ఇంకా మూడు కేసులున్నాయి. పల్లెటూరి ముసల్ది నాకు మత్తు నేర్పిస్తోందన్న ఉక్రోషం కూడా ఉంది. పూర్తి మత్తే ఇచ్చాను.

గొంతులోకి ఊపిరి గొట్టం వెయ్యడానికి ముందు కండరాలు వదులు చేసే సూది ఒకటుంది. అది ఇచ్చిన నిమిషంలో దవడ మెత్తబడాలి. వాడి దవడ బిగిసింది. మందు చాల్లేదనుకుని అదే సూది ఇంకో మోతాదు ఇచ్చాను. పీల్చే మత్తు పెంచాను. నాడి ఉరకడం మొదలుపెట్టింది, మత్తు తక్కువైందనుకున్నాను. ఒళ్ళు ఎరుపెక్కింది, చొక్కా లేని ఛాతీ మీద చెమట పట్టింది. మిషనుకి ఒక డబ్బా ఉంటుంది, పేషెంటు వదిలిన గాలిని శుభ్రం చేసేది. పొరపాట్న దాని మీద చెయ్యి పెడితే చుర్రుమంది. అప్పుడు నాకు పాఠ్యపుస్తకంలో ఒక పేజీ గుర్తొచ్చింది. చదివి, పరీక్ష రాసి, జన్మలో చూడబోనని మూసేసిన పేజీ. మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా.

దానికి ఒకే ఒక విరుగుడు మందుంది, డాంట్రోలీన్ అని. ఆ రోజు మా ఊళ్ళో లేదు. నేను పనిచేసిన ఏ ఊరి అల్మారాలోనూ ఇవాళ్టికీ నాకది కనబడలేదు. మత్తు ఆపేసి, ఆక్సిజన్ ఇచ్చి, ఐసు తెమ్మన్నాను. వార్డుబాయిలు చేపల బజారుకి పరుగెత్తి రంపపు పొట్టు అంటిన దిమ్మలు మోసుకొచ్చారు. వాడి చంకల్లో, గజ్జల్లో ఐసు పెడితే కళ్ళముందే కరిగి కారిపోయింది. బల్ల కింద నీళ్ళు మడుగు కట్టాయి. పదకొండు గంటల వేళ, కిటికీలోంచి ఎండ పడుతుండగా ఆ కుర్రాడు పోయాడు. చెయ్యి విరిగినందుకు.

కాగితం మీద "గుండె ఆగి" అని రాశాను. ప్రతి చావులోనూ గుండె ఆగుతుంది కదా, అందుకని అది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను. బయటికొచ్చి తండ్రితో, "మీవాడిది పుట్టుకతోనే బలహీనమైన గుండె" అన్నాను. ఇది మాత్రం అచ్చమైన అబద్ధం.

పదిహేను రోజుల తరవాత ఆవిడ ఒక్కతే నా గదికొచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు. నేల మీద కూర్చుని, "నీ మీద కోపానికి రానేదు బాబూ. ఏటయిందో సెప్పు. గుండె కతలు సెప్పకు" అంది. ఎందుకో ఆవిడకి అబద్ధం చెప్పలేకపోయాను. చెప్పాను. కొందరి కండరాల్లో పుట్టుకతోనే ఒక లోపం ఉంటుంది. మామూలు బతుకులో అది బయటపడదు, పొలం దున్నినా, రాళ్ళెత్తినా. కొన్ని మత్తు మందులు తగిలాయా, కండ బిగుసుకుని ఇక వదలదు, ఆగకుండా పనిచేస్తూనే ఉంటుంది, ఆ వేడికి మనిషి లోపల్నుంచి ఉడికిపోతాడు.

"ఎండిన నూతిలో మోటారు ఆడించినట్టు" అంది ఆవిడ. "నీళ్ళు నేవు, స్విచ్చి పడదు, చుట్ట కాలిపోతాది." మోటారు లోపలి తీగచుట్ట సంగతి అది. ఇంతకన్నా బాగా చెప్పిన ప్రొఫెసర్ నాకు తగల్లేదు.

"ఇది రగతంలో వస్తాదా?"

"వస్తుంది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో సగంమందికి రావచ్చు."

"ఎవులికి వచ్చిందో తెలిసేదెలగ?"

కండ ముక్క కోసి చూసే పరీక్ష ఎక్కడో మహానగరాల్లో తప్ప లేదని చెప్పాను. రక్తపరీక్షలు ఇప్పుడు కొన్ని వచ్చాయి, వాటికీ అన్ని లోపాలూ దొరకవు. "మామూలుగానైతే బల్ల మీద పడుకున్నాకే తెలుస్తుంది" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ దాని అర్థం నాకు తెలియలేదు.

ఆవిడ లేచి చెంగు దులుపుకుంది. "నీ గుట్టు నాను బయటెట్టను. నువ్వు జైలుకి పోతే మా ఓలకి మత్తు ఎవులిస్తారు? ఇందాక సెప్పినావే, ఆ ఇషయం తెలిసినోడివి నువ్వొక్కడివే దొరికినావు. ఒకటే మాట బాబూ. నాను పిలిస్తే రావాల" అంది. అది వేడుకోలు కాదు. ఉరి తాడు మెడకి వేసి, లాగకుండా చివర చేత్తో పట్టుకున్న మనిషి మాట అది. ఆ తాడు ఆవిడ పదహారేళ్ళు వదల్లేదు. ఒక్కసారీ లాగనూ లేదు.

అలా మొదలైంది ఆవిడ తిరుగుడు. అన్నదమ్ముల పిల్లలు, చిన్నాన్న కొడుకుల పిల్లలు, వాళ్ళ మనవలు, ఎవరికి ఏ ఆపరేషన్ అని తెలిసినా బస్సెక్కేది. చదువు లేదు. కూడని మందుల పేర్లు నోటికి రావు కాబట్టి వాటికి తనే పేర్లు పెట్టుకుంది, కండరాలు వదులు చేసేముందు ఒళ్ళంతా అదిరించే సూది "ఒళ్ళదిరే సూది", పీల్చే మత్తు "పీల్సీ మందు". ఆ రెండూ ఇవ్వకుండా మత్తివ్వడానికి వేరే దార్లు ఉన్నాయని నేర్చుకుంది. డాక్టరు మాట వినకపోతే నాకు ఫోన్ చేయించేది, నేను ఆ డాక్టరుతో మాట్లాడేవాణ్ణి, వీలైతే వెళ్ళేవాణ్ణి. ఏడుగురికి నేనే దగ్గరుండి ఇచ్చాను. ఆ ఏడుగురిలో ఎవరికి ఆ లోపం ఉందో, ఎవరికి లేదో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్ళు బతికే ఉన్నారు, అంతే తెలుసు.

ఇంటివాళ్ళు ఆవిడకి మొక్కారనుకుంటున్నారా? ఆవిడ గుమ్మంలోకి వస్తే తలుపులు వేసుకునేవారు. శుభం పూట చచ్చినవాళ్ళ ఊసెత్తే మనిషిని ఎవరు పిలుస్తారు? దానికి తోడు, చనిపోయిన కుర్రాడి చెల్లెలికి సంబంధం కుదిరినప్పుడు ఈవిడ తిన్నగా పెళ్ళివారింటికి పోయి, "రేపు పురిటికి ఆస్పత్రికి తీసుకెల్తారు గదా, మా ఇంటోలకి మత్తు పడదు, గుర్తెట్టుకోండి" అని చెప్పొచ్చింది. సంబంధం తప్పిపోయింది. నాకూ ఒళ్ళు మండింది. "ఆ పిల్ల బతుకుతో ఆడుకుంటావేం? పెళ్ళయ్యాక మెల్లిగా చెప్పుకోవచ్చుగా" అని కేకలేశాను.

"పెల్లయ్యాక సెప్పీ మొగోడెవులు? నువ్వు సెప్తావేటి?" అంది.

రెండోసారి సంబంధం కుదిరినప్పుడు తమ్ముడు జాగ్రత్తపడ్డాడు. పెళ్ళి ఊళ్ళో కాకుండా రామతీర్థంలో, కొండ కింద నలుగురి మధ్య చేసేశాడు. పిల్లని ఏ ఊరిచ్చారో ఆవిడకి చెప్పకూడదని బంధువులందరి చేతా ఒట్టు వేయించాడు. ఆవిడకి తెలిసిందల్లా, నరసన్నపేట దగ్గర ఏదో పల్లె అని. పిల్ల నెల తప్పిందని మాత్రం ఎవరో నోరు జారారు.

అప్పట్నుంచి వారం వారం నరసన్నపేట వెళ్ళేది. ఊళ్ళో పురుళ్ళు పోసే ఆస్పత్రులు ఎన్నున్నాయో అన్నింటి ముందూ కాసేపు కాసేపు కూర్చునేది. నెలలు దగ్గరపడ్డాక రోజూ వెళ్ళేది. తనని చూస్తే మొహం తిప్పుకునే పిల్ల కోసం, ఏ ఆస్పత్రికి వస్తుందో తెలియని పిల్ల కోసం. ఈ సంగతి నాకప్పుడు చెప్పలేదు. చెబితే పిచ్చి పని అనేవాణ్ణి.

ఒక వర్షం మధ్యాహ్నం నన్ను నరసన్నపేటకి పిలిచారు. కాన్పు కేసు, మాయ ముందే విడిపోయింది, రక్తం పోతోంది, బీపీ పడిపోతోంది. అలాంటప్పుడు నడుముకి సూది వెయ్యడానికి లేదు, పూర్తి మత్తే గతి. బల్ల మీద ఇరవై మూడేళ్ళ పిల్ల. పక్కన అత్తగారు నిలబడి చెయ్యి నిమురుతోంది. అడగాల్సింది అడిగాను. ఆ పిల్ల అత్తగారి వైపు చూసి, "నేదండి" అంది. అత్తగారిని బయటికి పంపి, ఒళ్ళదిరే సూదే సిరంజిలోకి ఎక్కించుకున్నాను. చేతులు కడుక్కోడానికి పక్కగదిలోకి వస్తే, వెనక తలుపు సందులోంచి తడిసిన చెయ్యొకటి నా చొక్కా పట్టుకుంది.

"బాబూ, లోనున్నది మా గుంట, మా ఇంటి ఆడపిల్ల."

"పొరపాటు పడ్డావమ్మా. అడిగాను, లేదంది."

"ఆల నాయిన నేదన్నాడు కాదేటి?" అంది ఆవిడ.

నేను లోపలికి వెళ్ళి ఆ పిల్ల చెవి దగ్గర వంగి అడిగాను. "మీ అన్నయ్య చెయ్యి విరిగి, ఆపరేషన్ బల్ల మీద పోయాడా?" తెల్లబడిన మొహం. కళ్ళు మూసుకుంది, కంటి కొసల్లోంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. తలూపింది.

సిరంజి బకెట్లో పడేశాను. మత్తు మిషన్ని గోడ వైపు నెట్టేశాను, దాని గొట్టాల్లో పాత మందు ఎంత మిగిలుందో ఎవరికి తెలుసు? వేరే మందులు వాడి, ఊపిరి సంచి చేత్తో నొక్కుతూ కూర్చున్నాను. ఒక చెయ్యి సంచి మీద, రెండోది ఆ పిల్ల దవడ కింద. మెత్తగానే ఉందా? ఉంది. నుదురు వెచ్చబడుతోందా? లేదనుకుంటాను. మళ్ళీ చూడు. సర్జన్ బిడ్డని తీసి, కుట్లు వేస్తున్నంతసేపూ నాకు ఆ రెండు వేళ్ళ కింద దవడ తప్ప లోకం లేదు. కళ్ళు తెరిచి ఆ పిల్ల దగ్గాక గానీ ఆ వేళ్ళు తియ్యలేదు.

బయటికొస్తే ఆవిడ గేటు దగ్గర వానలో నిలబడి ఉంది. "పాప ఏడుపు ఇన్నాను. సాలు. నాను వచ్చినానని ఆలతో సెప్పకు, మల్లీ గుంటకి మాటొస్తాది" అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "గుంటకి ఉందో నేదో తెలిసిందేటి?"

"ఆ మందులు ఇవ్వలేదు కదా, తెలీదు."

"పోనీలే. మా ఇంట తెలిసినోలంతా పోయినోలే" అని బస్టాండు వైపు వెళ్ళిపోయింది.

మర్నాడు ఆ పిల్ల నా చేతులు పట్టుకుంది. "మా అత్తోరితో సెప్పకండి బాబూ, ఒగ్గీస్తారు నన్ను" అంది. చెప్పలేదు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితం మీద మాత్రం ఇంగ్లీషులో అంతా రాశాను, ఆ ఇంట్లో ఇంగ్లీషు చదివేవాళ్ళెవరూ లేరని తెలిసే రాశాను. నా బాధ్యత తీరిందనుకున్నాను.

అందుకే ఆవిడ పోయిందని వినగానే భయం వేసింది. తలుపు దగ్గర కూర్చునే మనిషి లేదని సగం భయం. నా గుట్టు తెలిసిన ఒక్క మనిషీ పోయింది, ఇక నన్నెవరూ పిలవరు, హాయిగా మర్చిపోవచ్చన్న ఊహ ఒకటి ఫోన్ పెట్టేయకముందే తల దూర్చింది. ఆ ఊహకి మిగతా సగం భయం.

పదకొండో రోజు దినానికి వెళ్ళాను. టెంటు కింద బంధువులు భోజనాలకి కూర్చోబోతున్నారు. తమ్ముడు, ఇప్పుడు ముసలివాడు, నన్ను గుర్తుపట్టి కుర్చీ వేయించాడు. అంత మర్యాద చేస్తుంటే తలెత్తలేకపోయాను. ఆ పిల్ల కూడా వచ్చింది, అత్తగారితో, కూతురితో. పాపకి ఏడేళ్ళు. నోరు తెరుచుకునే ఊపిరి పీలుస్తోంది.

"గొంతులో గడ్డలు బాబూ, నిద్దట్లో గురక. వచ్చే గురువారం తీయించీస్తన్నాం, మంచిరోజు సూసినాం" అని అత్తగారు చెప్పింది.

గొంతు గడ్డలకి పూర్తి మత్తు ఇవ్వాలి. పిల్లలకైతే ముందు పీల్చే మందే పెడతారు.

నేను ఆ పిల్ల వైపు తిరిగి, "అక్కడి డాక్టరుకి చెప్పావా అమ్మా?" అన్నాను.

"ఏటి సెప్పాల బాబూ?" అంది. కళ్ళతో మాత్రం వద్దని బతిమాలింది.

"ఏటది?" అంది అత్తగారు.

తమ్ముడు అడ్డొచ్చాడు. "డాక్టరు గారూ, ఆ మాటలిప్పుడొద్దు. పిల్లకి శుభమా అని రోజు పెట్టుకుంటే..."

"శుభం గురువారం కదా" అన్నాను. "ఇవాళ దినం. చచ్చిపోయినవాళ్ళ మాట ఇవాళ కాకపోతే ఎప్పుడు మాట్లాడతారు?" నా గొంతు నేననుకున్న దానికంటే పెద్దగా పలికింది. విస్తళ్ళ ముందు కూర్చోబోతున్నవాళ్ళు ఆగిపోయారు.

"మా ఇంటి ఊసు ఎత్తడానికి మీరెవులండీ?" అన్నాడొక కుర్రాడు వెనకనుంచి.

"వీళ్ళ అబ్బాయిని బల్ల మీద పోగొట్టినవాణ్ణి" అన్నాను.

ఇక ఆగలేదు, అంతా చెప్పేశాను. వాడి గుండె గట్టిదేనని, బలహీనమని నేను అబద్ధమాడానని. చెయ్యి మాత్రం మొద్దుబారిస్తే బతికేవాడని, వాళ్ళప్ప మెట్ల మీంచి అదే అరిచి చెప్పిందని. ఆ లోపం ఈ పాపకి ఉండొచ్చు, లేకపోవచ్చు, నాకు తెలియదని. గురువారం మానక్కర్లేదు, కానీ డాక్టరుకి ముందే తెలియాలని, తెలిస్తే ఆ మందులు లేకుండా చేస్తారని, నేనూ వచ్చి నిలబడతానని. చెప్పి కుర్చీలోంచి లేచాను. కొడతారనే అనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను.

తమ్ముడు అడిగాడు, "ఆడికి నొప్పి తెలిసిందేటి బాబూ?"

"లేదు. మత్తులో ఉన్నాడు."

"మా అప్పకి ఇదంతా తెలుసా?"

"మొదట్నుంచీ తెలుసు."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఆ రోజు మీరడిగినారు. నాను నేదన్నాను" అన్నాడు. ఆ మాట నాతో అన్నట్టు లేదు. తరవాత వియ్యపురాలి వైపు తిరిగాడు. "వదినా, మా ఇంట ఉన్నాది" అన్నాడు.

అత్తగారు కోడలి వైపు చూసింది. ఆ పిల్ల పాపని దగ్గరికి లాక్కుని, "ఉన్నాది అత్తా" అంది, తలెత్తే.

ముసలాయన వేళ్ళు మడిచి చెప్పడం మొదలుపెట్టాడు. చిన్నాన్న కూతురి పేరు, నడిపి తమ్ముడి పేరు. కొడుకు పేరు దగ్గర మడిచిన వేలు గట్టిగా పట్టుకుని అదీ చెప్పాడు. "రాసుకోండి బాబూ, గురువారం ఆ డాక్టరుకి సూపించాల" అన్నాడు. జేబులోంచి కాగితం తీసి, ముగ్గురి పేర్లూ రాసుకున్నాను.